గోడమీది గుఱ్ఱము

1951 మార్చి నెలలో ‘పాతాళభైరవి’ విడుదలయైనప్పుడు తెరమీద తోట రామునికి గాని, నేపాళ మాంత్రికునికి గాని, ఉజ్జయినీ రాకుమారికి గాని నలుపు తెలుపుల నడుమనుండు బూడిద వన్నెలు తప్ప వేఱొక వర్ణము లేదు. ఆద్యంతము రంగులలో తీసిన తొలి తెలుగు చిత్రము ‘లవకుశ’ 1963లో గాని రాలేదు. అయినను అంతవఱకు వచ్చిన కత్తియుద్ధముల చిత్రములు, జానపద కథలు, ఊరూర గోడలమీద మాత్రము రంగులతోనే వెలసినవి: కథానాయకుని ఉత్తరీయము కుంకుమ ఎఱుపు, రాకుమారి పరికిణీ పసుపు, మాంత్రికుని చెక్కిళ్లమీద ఆకుపచ్చని నీడ, వారి వెనుక ఏ సంధ్యలోను ఎవ్వరును చూచి యెఱుగని ఊదా ఆకాశము. ఈ రంగులు ఎక్కడనుండి వచ్చినవి? చిత్రకారుని చేతికి అందినది నలుపు తెలుపుల స్టిల్లు ఫొటో. సెట్టుమీద నటుడు ధరించిన ఉత్తరీయము నిజముగా ఏ రంగుదో అతడు చూచియుండడు. చూచిన ఛాయాగ్రాహకుడైనను దానిని రంగుగా గాక, బూడిద వన్నెలలో ఏ మెట్టునకు దిగునో అను లెక్కతోనే చూచియుండును. కాబట్టి గోడమీది ఎఱుపు ఫొటోలో లేదు, తెరమీద లేదు, చిత్రకారుని జ్ఞాపకమునందును లేదు. నేల టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు ఆ ఎఱుపును చూచియే లోనికి పోయి, మూడు గంటలసేపు బూడిద వన్నెలు చూచి, మోసపోతినని ఒక్క మాటయైన అనక, సంతోషముతో బయటికి వచ్చును. లేనిదానిని ఉన్నట్లు చూపుట అసత్యమైనచో గోడపత్రిక అసత్యము. అసత్యమైనచో దానివలన మోసపోయినవానికి ఆ సంగతి తెలియవలెను గదా! తెలిసియు అతడు కోపింపకుండుట ఎట్లు?

అసత్యమునకు ఎక్కడెక్కడ అనుమతి కలదో వరుసగా చెప్పినవాడు మన పురాణములలో శుక్రాచార్యుడు. బలిచక్రవర్తి వామనునికి మూడడుగుల నేల ధారవోయ సిద్ధపడినప్పుడు గురువు శిష్యునికి బోధించిన ఆ పట్టికలో వివాహము, ప్రాణభయము, విత్తమానముల రక్షణము మొదలగునవి కలవు గాని సినిమా ప్రకటన లేదు. ఉన్నను ప్రయోజనముండెడిది కాదు. బలి ఆ పట్టికనంతటిని త్రోసిపుచ్చెను, భాగవతము విన్న తెలుగువాడెవ్వడును ఆ ఘట్టమున గురువు పక్షమున నిలువడు.

పూర్వమీమాంసకులయొద్ద ఇంతకంటె గట్టి సమాధానము కలదు. వేదమున విధివాక్యములకు తోడుగా స్తుతివాక్యములు వచ్చును. వానికి అర్థవాదములని పేరు. ఒక దేవతను అతిశీఘ్రగామియని పొగడిన వాక్యమును, ఆ వేగమును కొలిచి సత్యాసత్యములు నిర్ణయించుటకు చెప్పలేదు. ఆ దేవతకు చేయవలసిన యాగమునందు కర్తకు రుచి పుట్టించుటకు చెప్పినది. విధితో ఏకవాక్యమైనప్పుడే దానికి ప్రామాణ్యము. ఇట్లే గోడపత్రికకు విధి ఒక్కటే, ‘నేటి రాత్రి రెండవ ఆటకు రమ్ము’. ఎఱ్ఱ ఉత్తరీయము, ఊదా ఆకాశము, కథలో ఎక్కడను లేని అగ్నిపర్వతము, ఇవన్నియు అర్థవాదములు. ఈ సమాధానము చక్కగా నున్నది గాని, మిక్కిలి చక్కగా నుండుటయే దీని లోపము. దీని నీడలో నకిలీ మందుల ప్రకటన మొదలుకొని ఎన్నికల వాగ్దానము వఱకు సమస్తమును నిశ్చింతగా కూర్చుండవచ్చును. అంతే కాదు, ఆటకు పోని బాలుడు, టిక్కెట్టుకు డబ్బులేని బాలుడు, బడికి పోవు త్రోవలో ఆ గోడయెదుట నిలిచి పొందిన ఆనందమును ఈ సిద్ధాంతము లెక్కలోనికి తీసికొనలేదు. వానికి విధి లేదు. ఫలము మాత్రము కలిగినది.

అందుచేత నేను మీమాంసకులను విడిచి ఆలంకారికులను ఆశ్రయింపవలసివచ్చినది. రసము ఎట్లు కలుగునను చర్చలో శ్రీశంకుకుడను కాశ్మీర పండితుడు ఒక దృష్టాంతము చెప్పెను. అదియే చిత్రతురగ న్యాయము. రంగస్థలముమీద రాముని వేషమున నున్న నటుని చూచినప్పుడు మనకు కలుగునది, ‘ఇతడు రాముడే’యను యథార్థజ్ఞానము కాదు, ముందు రాముడని తోచి పిమ్మట కాదని తేలు మిథ్యాజ్ఞానము కాదు, ‘రాముడగునా, కాదా’యను సంశయము కాదు, ‘రామునివలె నున్నాడు’ అను సాదృశ్యజ్ఞానమును కాదు. చిత్రములోని గుఱ్ఱమును చూచి బాలుడు ‘గుఱ్ఱము’ అనునప్పుడు వానికి ఏ జ్ఞానము కలదో అట్టిదే ఇది. నాలుగింటికిని వెలియైన అయిదవది.

కత్తియుద్ధముల చిత్రములకు ఈ గుఱ్ఱము దృష్టాంతము మాత్రమే కాదు, ముఖ్యపాత్ర కూడ. డగ్లస్ ఫేర్‌బాంక్స్ నటించిన 1924నాటి ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ కథలో ఱెక్కల గుఱ్ఱము కలదు. ఆ చిత్రమునకు ఆంటన్ గ్రాట్ వ్రాసినదిగా ప్రసిద్ధమైన గోడపత్రికలో ఆ గుఱ్ఱమే నగర శిఖరములమీదుగా ఎగిరిపోవుచుండును. అదే సంవత్సరమున ఇక్కడ కొల్హాపురమున, నాటకముల తెరలు వ్రాయు పనినుండి వచ్చిన బాబూరావు పెయింటరు తన ‘కల్యాణ్ ఖజీనా’కు వ్రాసిన బొమ్మ, మన దేశమున మిగిలియున్న సినిమా బొమ్మలలో తొలినాటిదిగా చెప్పబడుచున్నది. తెలుగున 1949లో మీర్జాపురం రాజావారు తీసిన ‘కీలుగుఱ్ఱము’నకు పేరే గుఱ్ఱము. అయితే ఇక్కడ శంకుకుడు కూడ ఊహింపని చిక్కు ఒకటి వచ్చిపడినది. కథలోని ఆ గుఱ్ఱము కొయ్యది, కీలు త్రిప్పిన ఎగురునది; దానికి గోడమీద చిత్రము వ్రాసినచో, అది గుఱ్ఱమునకు చిత్రమా, గుఱ్ఱపుబొమ్మకు చిత్రమా? చిత్రకారుడు దాని జూలును వాయువున ఎగురునట్లు వ్రాసెనా, కొయ్యవలె బిగించి వ్రాసెనా యను దానినిబట్టి ఈ శాస్త్రార్థము తేలవలెను.

శంకుకుని పక్షము నిలువలేదని అలంకారశాస్త్రము చదివినవారికి తెలియును. అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు దానిని రెండు దెబ్బలతో పడగొట్టెను. అనుకరణమన్నావు, దేనికి అనుకరణము? రాముని రతిని గాని ఉత్సాహమును గాని ఏ నటుడు చూచెను, చూడనిదానిని ఎట్లు అనుకరించును? ఇక చిత్రమందురా, సిందూరము మొదలైన రంగులు దీపము వస్తువును వెలిగించినట్లు గోవును వెలిగింపవు. గోవు అవయవముల అమరికను పోలిన అమరిక అక్కడ ఏర్పడును, అంతే. కావున అది సాదృశ్యమే గాని అయిదవ జ్ఞానము కాదు. మొదటి దెబ్బ గోడపత్రికకు కూడ తగులును, గట్టిగా తగులును. గోడపత్రిక వ్రాసినవాడు కథలోని రాజ్యమును చూడలేదు, అట్టి రాజ్యము లేదు కాబట్టి. పెక్కు సందర్భములలో సినిమానైనను చూడలేదు, అది అప్పటికింకను పూర్తి కాలేదు కాబట్టి. నిర్మాత మనుష్యుడు చెప్పిన నాలుగు మాటలు, పంపిన నాలుగు ఫొటోలు, ఇంతకంటె అతనికి మూలము లేదు. ఇది అనుకరణము కాజాలదు. కాని రెండవ దెబ్బ తగులదని నా యభిప్రాయము. సాదృశ్యమునకు రెండు వస్తువులు కావలెను. ఆ కత్తివీరుని ఉత్తరీయపు ఎఱుపునకు లోకమున ప్రతియోగి లేదు. అది దేనినో పోలిన ఎఱుపు కాదు. తౌతుని వాదము గోవు విషయమున నెగ్గవచ్చును గాని, రంగులేని చిత్రమునకు పూసిన రంగు విషయమున నెగ్గదు. అనుకరణమును పోగొట్టుకొన్న శంకుకునికి తన అయిదవ జ్ఞానము మాత్రము ఈ గోడయొద్ద దక్కినదని నేననుకొందును.

ఇంతవఱకు చూచువాని మాట. వ్రాయువాని మాట ఎత్తినచో కాశ్మీరమును విడిచి దక్షిణాపథమునకు రావలెను. పదునాలుగవ శతాబ్దిలో శృంగేరీ పీఠమునధిష్ఠించి, విజయనగర ప్రభువులకు పూజ్యుడైన విద్యారణ్యుడు ‘పంచదశి’లోని ఆఱవ ప్రకరణమునకు చిత్రదీపమని పేరు పెట్టి, బ్రహ్మమునుండి జగత్తు వఱకుగల నాలుగు అవస్థలకు చిత్రపటపు నాలుగు అవస్థలను ఉపమానముగా గ్రహించెను. ఉతికిన గుడ్డ ధౌతము. అన్నపు గంజి పూసి బిగించినది ఘట్టితము. మసితో రేఖలు దించినది లాంఛితము. రంగులు నింపినది రంజితము. వీనికి వరుసగా చిత్తు, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు. ఈ వరుస చదువునప్పుడు విద్యారణ్యుడు పటకారుని ముంగిట కొంతకాలమైనను నిలిచియున్నాడని తోచును. లేనిచో గంజి మాట అంత సహజముగా రాదు. నేటికిని చేర్యాలలో నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, జిగురు పట్టించి ఆరవేసిన పిమ్మటనే బొమ్మకు పూనుకొందురు.

ఫ్లెక్సు అచ్చు రాకముందు సినిమా హాలు ముందు నిలువెత్తున కట్టిన బ్యానరు వ్రాయువాని పనియు ఇదే పని. గుడ్డను తడిపి ఆరబెట్టి, చెక్క చట్రమునకు లాగి మేకులు కొట్టి, వజ్రపు జిగురులో సుద్ద కలిపి పూత వేసి, అది ఎండి డోలు చర్మమువలె బిగిసిన పిమ్మట, చేతిలోని స్టిల్లుమీద పెన్సిలుతో చిన్న గళ్లు, గుడ్డమీద బొగ్గుతో పెద్ద గళ్లు గీయును. ఫొటోలో ఒక గడిలో కనుబొమ కొస యున్నచో గుడ్డమీద ఆ గడిలో ఆ కొసయే యుండవలెను. గడి తరువాత గడిగా రేఖ పాకిపోవును. అటుపిమ్మట అవిసెనూనెతో నూఱిన రంగులు. బట్టలు, కోటగోడలు, మబ్బులు శిష్యులు నింపుదురు, అక్షరములకు వేఱొకడుండును, ముఖములు మాత్రము గురువువి. సారువమీద నిలిచి మూరెడు ముక్కును వ్రాయు ఆ గురువునకు, చేయి చాచినంత దూరమున, ముక్కు కనబడదు. కనబడునది గులాబి, నీలము, గోధుమవన్నెల పెద్ద పెద్ద మరకలు, వాని నడుమ ఆకుపచ్చని ఒక అడ్డుగీత. ముఖమైనది వీథికి అవతలి అంచున నిలిచినవానికి. గురువు దిగి వీథి దాటి వెనుదిరిగి చూచి, మరల వచ్చి ఎక్కి, ఒక మరకను బెత్తెడు జరుపును. నీలపుగీత ఎక్కడ పడిన ప్రక్కవీథినుండి అది దవడ యగునో అతనికి సారువమీదనే తెలియును. కన్ను చూడనిదానిని చేయి ఎఱుగును. సృష్టించుచున్నవానికి సృష్టి కనబడదనుటకు ఇంతకంటె నిదర్శనము నేనెఱుగను. కంటిపాపలో తెల్లని చుక్క తఱచుగా తుదకు పడును. ఆలయమున విగ్రహమునకు నేత్రోన్మీలనము కూడ శిల్పము సర్వమును ముగిసిన పిమ్మటనే జరుగును. కాని అక్కడ బంగారు సూదియు మంత్రమును కలవు, ఇక్కడ కుంచె తుద మాత్రమే. ఆవాహనము లేదు కాబట్టి ఉద్వాసనయు లేదు. వినాయకుని మట్టిబొమ్మను నీట కలుపువారు, ఒక నటుడు కృష్ణుడుగా నున్న గోడబొమ్మమీద మైదాపిండి జిగురు రాచి మఱొక బొమ్మ నంటించుటకు ఒక నమస్కారమైన చేయరు.

చిత్రదీపములో ఇంకొక సూక్ష్మమున్నది, నాకది నాలుగవస్థలకంటె ఇష్టము. చిత్రపటములో వ్రాసిన మనుష్యులకు వస్త్రములు కూడ వ్రాయుదురు. ఆ వస్త్రములు, తమకు ఆధారమైన నిజమైన గుడ్డవంటివే అయినట్లు కల్పింపబడును. అట్లే జీవులయందు తోచు చైతన్యము, ఆధారమైన చైతన్యమువంటిదిగా కల్పితమైన ఆభాసము. బ్యానరు దగ్గఱకు పోయి చూచినచో ఇది తత్త్వముగా గాక వస్తువుగా కనబడును. కత్తివీరుని ఎఱ్ఱ ఉత్తరీయపు మడతలు గాలికి కుడివైపు ఎగురుచుండును. సరిగా అక్కడనే, మేకు సడలి, అసలు గుడ్డ వేఱొక మడత పడి ఎడమవైపు ఉబ్బుచుండును. వ్రాసిన మడతకు గాలి లేదు, గాలి తగిలిన మడతకు రంగుతో పని లేదు. రెండును ఒకే చోట నున్నవి.

అయినను విద్యారణ్యుని ఉపమానము మన బ్యానరుయొద్ద ఒకచోట తెగిపోవును. ఆయన గుడ్డ ఏ అవస్థలోనైనను లోపల ధౌతమే. రంగు దానిని అంటదు. మన గుడ్డమీద ఆట మాఱగానే సున్నమో తెల్లరంగో పూసి మఱల వ్రాయుదురు. పూతపై పూత పడి అది బరువెక్కును, బిఱుసెక్కును, చుట్టినప్పుడు పగులును. ఆ పగులులోనుండి క్రొత్త రాకుమారి చెక్కిలిమీద పాత సేనాపతి మీసము బయటపడును. ఇది చిత్తునకు ఉపమానము కాదు. జన్మజన్మల వాసనలు మోయు అంతఃకరణమునకు సరిపోవును. అద్వైతి దీనికి జవాబు చెప్పగలడు, పగిలినది పూతయే గాని గుడ్డ కాదనును. వినుటకు బాగుగానే యున్నది; కాని ఆ గుడ్డను తుదకు ఏ పశువులకొట్టము మీదనో కప్పుదురని తెలిసినవానికి గుడ్డను పూతను విడదీయుట సులభము కాదు.

ఈ చిత్రకారుల పేర్లు చాలవఱకు మనకు తెలియవు. అనామకత్వమును నిష్కామకర్మయని పొగడుట మనకొక అలవాటు. అజంతాయందును అదే చెప్పితిమి, ఆలయ శిల్పులయెడను అదే చెప్పితిమి. నాకిది సమ్మతము కాదు. ఫలమును త్యజించుటకు ముందు ఫలము తనదని ఒకడు ఎఱుగవలెను. బ్యానరు వ్రాసినవానికి దక్కినది కూలి, పేరు వ్రాయుటకు చోటే ఇయ్యలేదు. ఇయ్యనిదానిని అతడు విడిచెననుట మన సౌకర్యము కొఱకు చెప్పుకొను మాట. బొంబాయిలో 1930ల నాట సినిమా హోర్డింగులు వ్రాసిన హుస్సేను ఆ వృత్తిని విడిచిన తరువాతనే పేరుగలవాడయ్యెను. మదరాసులో కేతా, బాపు, ఈశ్వర్ మొదలైనవారు అచ్చు పోస్టరు మూలమున తమ సంతకమును మూలను నిలుపుకొనగలిగిరి. ఈశ్వర్ ఆ కళనుగూర్చి ‘సినిమా పోస్టర్’ అను గ్రంథమే వ్రాసెను. గుడ్డమీద వ్రాసినవానికి ఆ మూలయు దొరకలేదు. ఫ్లెక్సు అచ్చు వచ్చిన పిమ్మట వానికి పనియే దొరకలేదు.

మిగిలినది ఒక్క ప్రశ్న. న్యాయసూత్రములు అనుమానమును మూడు విధములుగా చెప్పును. మబ్బును చూచి రాబోవు వాననూహించుట పూర్వవత్తు. ఏటి వఱదను చూచి కురిసిపోయిన వాననూహించుట శేషవత్తు. మూడవదానితో ఇప్పుడు పని లేదు. గోడపత్రిక అంటించిన నాడు పూర్వవత్తు: దానిని చూచి రాబోవు చిత్రము ఇట్లుండునని ఊహింతుము. నైయాయికుడు మబ్బు వానకు కారణమైనట్లు పోస్టరు సినిమాకు కారణము కాదు గదా యని ఆక్షేపింపవచ్చును. డబ్బు పెట్టిన పంపిణీదారుని అడిగినచో వేఱు మాట చెప్పును. కొంతకాలమునకు అదే కాగితము శేషవత్తగును. 1932 ఫిబ్రవరి 6న విడుదలయైన మన తొలి టాకీ ‘భక్తప్రహ్లాద’ ప్రింటు నేడు లేదు. ఆ కాలపు నైట్రేటు ఫిల్ము తనంత తాను చెడునది, నిప్పు తగిలిన భగ్గుమనునది, వెండికొఱకు కరగింపబడినది; ఆ విధముగా పోయిన చిత్రములు పెక్కు. అట్టివానికి ఎక్కడనైన ఒక బొమ్మయో కరపత్రమో మిగిలినచో, వఱదను చూచి వాననూహించినట్లు దానిని చూచి సినిమాను ఊహింపవలసినదే. శ్రీశంకుకుని గ్రంథమునకును ఇదే గతి పట్టినది. అది నేడు లేదు. ఆయనను ఖండించుటకై అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో ఎత్తిచెప్పిన మాటలే మనకు మిగిలినవి, ఆ ‘అభినవభారతి’ని కూడ శిథిలమైన తాళపత్ర ప్రతులనుండి ఉద్ధరించి 1926 మొదలు బరోడాలో అచ్చువేయించినవాడు మన మానవల్లి రామకృష్ణకవి. చిత్రతురగమును మొదట చెప్పినవాడు ప్రతిపక్షి వ్రాసిన చిత్రములో మాత్రమే కనబడును, ఆ చిత్రము ఎంతవఱకు పోలియున్నదో పోల్చుటకు మూలము లేదు.

ఇక్కడ అసత్యమను అభియోగము ఒక వింత స్థితికి వచ్చును. మిథ్య యనగా పిమ్మట కలిగిన జ్ఞానముచే బాధితమైనది; బాధ కలుగనంతవఱకు జ్ఞానము ప్రమయే యని వేదాంతులు ఒప్పుకొందురు. ఆడుచున్న చిత్రమునకు వ్రాసిన బొమ్మలో లేని సింహమున్నచో, లోనికి పోయినవానికి అది లేదని ఆ రాత్రియే తెలియును; బాధ కలిగినది, సింహము మిథ్య. నశించిన చిత్రమునకు వ్రాసిన బొమ్మలో సింహమున్నచో దానిని బాధింపగల జ్ఞానము ఇక ఎవ్వరికిని కలుగదు. చిత్రకారుడు అది కల్పించెనో, నిర్మాత నిజముగా ఒక సర్కసు సింహమును తెప్పించెనో చెప్పగలవారు లేరు. వేదాంత పరిభాషననుసరించి, ఏ పాత గిడ్డంగిలోనో ప్రింటు దొరకి ఎవ్వరైన దానిని ఆడించి చూచువఱకు, ఆ సింహమును సత్యమనియే లెక్కవేయవలసియున్నది.